చెరిపేసిన నంబరు

“పది గంటలకొస్తాడట. కర్పూరం ఆడే తెచ్చుకుంతాడట.”

ఆ మాట చెప్పి తవిటమ్మ చేతిలోని పాలచెంబు గట్టు మీద ఠంగున పెట్టింది. పొయ్యి దగ్గర కూర్చున్న కన్యాకుమారి తలెత్తలేదు. గంజి వార్చే చిప్ప చేతిలో అలాగే ఉండిపోయింది.

“ఎవులు సెప్పినారక్కా?”

“ఎవులు సెప్పాలే? ఊరంతా అదే ఊసు. పాలకెల్తే పాలకాడ, పంపుకెల్తే పంపుకాడ. ‘టింకరు ఎర్రన్న మీ ఇంటికొచ్చి కర్పూరం ఆర్పుతాడట కదా’ అని నన్నే అడగతన్నారు. ముప్పై ఏళ్లు మన గుమ్మంలో అంబలి తాగినోడు. ఆడిచేత ఒట్టెయ్యిస్తన్నాం మనం!”

ఆ ఊళ్లో కర్పూరం ఒట్టంటే ఆషామాషీ కాదు. వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి ‘నేను చెయ్యలేదు’ అన్నవాడు నిర్దోషే, ఎవరూ కాదనరు. కానీ ఒట్టు వేయించినవాడి గుమ్మం అతను మళ్లీ తొక్కడు. పెళ్లికి పిలవడు, చావుకి రాడు. ఆ ఇంటి మంచినీళ్లు కూడా ముట్టడు. ఎన్నేళ్ల స్నేహమైనా సరే, ఆ పూటతో చెల్లు.

కన్యాకుమారి చిప్ప కింద పెట్టింది.

“అక్కా, నీకు దణ్ణమెడతాను. బావగారితో సెప్పు. కారు నంబరు గీకీసింది ఎర్రన్న కాదు, నానని సెప్పు.”

“నిన్నా అదే పాట, ఇయ్యాలా అదే పాట! నోరు మూసుకోమన్నానా లేదా?”

“ఎలగ మూసుకుంతాను? తప్పు నాను సేస్తే ఆయనెందుకు ఒట్టెయ్యాల?”

“ఏస్తాడు. ఏసీసి ఎల్లిపోతాడు. ఆడికేటి, మొగోడు, బతుకుతాడు.” తవిటమ్మ గొంతు తగ్గించి వాకిలి వైపు చూసింది. “మీ బావకి నువ్వని తెలిస్తే ఏటౌతాదో ఎరుగుదువా? నీ మీద నోరు సేసుకోలేడు. ఎవులికీ సెప్పుకోలేడు. లోపల్లోపలే కుళ్లిపోతాడు. ఆ కారు కారనుకుంతన్నావా? తమ్ముడనుకుంతన్నాడే. తమ్ముడి పెళ్లామే దాన్ని సంపీసిందని తెలిస్తే ఆ మనిషి ఇంక లెగుస్తాడేటి?”

సంపీసింది. ఆ ఒక్క మాటకి కన్యాకుమారి కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. అందులో అబద్ధం లేదు మరి.

కన్యాకుమారి భర్త జయకృష్ణ ఆ అంబాసిడర్ని నరసన్నపేటలో ఒక రిటైరైన మేష్టారి పెరట్లోంచి తెచ్చాడు. డెబ్బై మూడు మోడలు. కోళ్లు వెనక సీట్లో గుడ్లు పెట్టుకుంటున్నాయి అప్పటికి. పశువుల శాలలో పెట్టి, రెండు తలుపులు ఊడదీసి, ఇంజను సగం విప్పి, “ఇది నీ పేరున రాయిస్తానే కన్యాకుమారీ, నువ్వే తోలుదువు గాని, నాను పక్కన కూకుంతాను” అని నవ్వాడు. ఆ నవ్వే మిగిలింది. ఆ వైశాఖంలో నారుమడికి నీళ్లు పెట్టడానికి వెళ్లి గట్టు మీదే గుండె పట్టుకుని కూలబడ్డాడు. మోసుకొచ్చేసరికి మనిషి లేడు.

పదకొండో రోజున అరుగు మీద కూర్చుని జయకృష్ణ అన్నగారు, తవిటమ్మ భర్త ధర్మారావు అన్నాడు. “తవిటీ, ఆయమ్మతో సెప్పు. తమ్ముడి బండి నాను రోడ్డెక్కిస్తాను. ఆయమ్మ పేరునే కాగితం రాయిస్తాను. ఇది నా మాట.”

ఆయమ్మ తలుపు చాటునే ఉంది. నాలుగడుగులు లేదు మధ్యన. అయినా తవిటమ్మ లోపలికొచ్చి ఆ మాట మళ్లీ చెప్పింది, ఈవిడ తలూపితే బయటికెళ్లి ఆ తలూపడం కూడా చెప్పింది.

ఆ ఇంటి కట్టు అది. తమ్ముడి భార్య బావగారి ఎదట నోరు విప్పకూడదు, బావగారు ఆమె ముఖాన మాట్లాడకూడదు. అత్తగారు పెట్టిన కట్టు. అత్తగారు పోయి పన్నెండేళ్లయింది, కట్టు మాత్రం రాయిలా ఉంది. ఇరవై రెండేళ్లుగా ఆ ఇద్దరి మాటలూ తవిటమ్మ మోసింది.

ఆ పద్ధతిలోనే ఏడాదిన్నర పాటు కారు బాగుచేశారంటే నమ్ముతారా? “పద్నాలుగో నంబరు పానా ఇమ్మను” అని ధర్మారావు బండి కింద నుంచి అనేవాడు. తవిటమ్మకి పానాకీ గరిటెకీ తేడా తెలియదు. “ఏదో పద్నాలుగట, ఇయ్యే” అనేది. కన్యాకుమారి ఇచ్చేది. డబ్బున్నవాళ్లయితే విశాఖపట్నం పంపిద్దురు. వీళ్లకి అంత ఎక్కడిది? సీట్లకి రెక్సిను తన కుట్టుమిషను మీదే కుట్టింది. సూదులు పది విరిగాయి. తలుపుల రబ్బర్లు బరంపురం పాత సామాన్ల కొట్లో దొరికాయి. చిల్లుపడ్డ అడుగు రేకులు ఎర్రన్న ఆదివారం ఆదివారం వచ్చి అతికేవాడు. కూలి అడిగితే కోపం. “జయకృష్ణ బండికి కూలేటి?” అని చేపల పులుసుతో అన్నం మాత్రం రెండుసార్లు పెట్టించుకునేవాడు.

తుప్పు గీకడం కన్యాకుమారి పని. గ్రైండరు పట్టుకోవడం నేర్చుకుంది. ఆ చప్పుడులో ఏడ్చినా ఎవరికీ వినపడదు, అదొక సుఖం.

ఒక మంగళవారం ఇంజను పక్కన రేకు గీకుతుంటే తుప్పులో ఏవో గీతల్లాంటివి కనపడ్డాయి. ఆపింది. ఇది ఉంచాలా, తియ్యాలా? అడుగుదామనుకుంది. బావగారు అక్కడే ఉన్నారు, వెనక చక్రం విప్పుకుంటూ. కానీ అడిగే మనిషి లేదు, తవిటమ్మ సంతకెళ్లింది. ఒక్క నోటిమాట! అంతే కావలసింది. తుప్పే కదా అనుకుని అద్దంలా మెరిసేదాకా గీకేసింది. పైన పుట్టీ రాసి చదును చేసింది. బాగా కుదిరిందని మురిసిపోయింది కూడా, పిచ్చిది.

మొన్న బుధవారం ట్రాక్టరుకి కట్టి బండిని విజయనగరం రవాణా ఆఫీసుకి తనిఖీ కోసం తీసుకెళ్లారు. ఆఫీసరు బానెట్టు ఎత్తి, టార్చి వేసి, కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దడానికి వంగి, “నంబరేదీ?” అన్నాడు. వేలితో తడిమి, పుట్టీ గోకి చూశాడు. “ఎవరో కావాలని గీకేశారయ్యా. ఛాసిస్ నంబరు లేని బండికి కాగితం ఎలా ఇస్తాను? ఎవరు చేశారీ పని?” అన్నాడు.

కాగితం తన పేరున కాబట్టి కన్యాకుమారీ వెళ్లింది. ఆవిడ నోరు పెగిలేలోగానే బావగారి గొంతు వినపడింది. “టింకరండి. ఎర్రన్నని, మా ఊరోడే.”

అంతే. మాట ట్రాక్టరు కంటే ముందే వాళ్ల ఊరు గజపతినగరం చేరింది.

“వచ్చీసినాడు,” అంది తవిటమ్మ కిటికీలోంచి చూసి.

ఎర్రన్న తలస్నానం చేసి వచ్చాడు. జుట్టులోంచి నీళ్లు ఇంకా కారుతున్నాయి. ఎప్పుడూ మసి చొక్కా తప్ప ఎరగని మనిషి ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడు. సైకిలు గేటు బయటే స్టాండు వేసి, చెప్పులు అక్కడే విడిచి, చేతిలో చిన్న స్టీలు పళ్లెం, కర్పూరం పొట్లంతో వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. గోడవతల నలుగురు తలలు పైకెత్తారు. ఇలాంటివాటికి జనం ఎక్కణ్ణుంచి పుట్టుకొస్తారో.

అరుగు మీద కుర్చీలో ధర్మారావు. నాలుగు రోజుల గడ్డం. బుధవారం నుంచి పెట్టిన అన్నం పెట్టినట్టే ఉంటోంది.

“ఎక్కడెయ్యమంతావు ధర్మా ఒట్టు? బండి కాడా, నీ గుమ్మం కాడా?”

ధర్మారావు తలెత్తి దూలం వైపు చూశాడు.

“నిన్నే అడగతన్నాను.”

“ఎక్కడైతే ఏటి,” అన్నాడు ధర్మారావు, చూపు దించకుండా.

“నాకు తేడా ఉన్నాదిరా. ఆ బండి రేకు రేకూ నా సేతుల్లోంచే ఎల్లింది.” ఎర్రన్న పళ్లెం నేల మీద పెట్టాడు. “గురువారం నుంచి నా షెడ్డుకి ఒక్క బండి రానేదు. పనిలో ఉన్న రెండూ తోలుకెల్లిపోనారు. ఏటి బాబూ అంటే, ‘నువ్వు నంబర్లు మార్సీవోడివట కదా, మా బండి కూడా మార్సీస్తావేమో’ అంతన్నారు. నా ఇంటిది వీధిలోకి రావడం మానీసింది.”

“మార్సినావని నాననలేదు. నువ్వు గీకినావన్నాను. అంతే.”

“ఆ అంతే సాలదేటిరా?”

ధర్మారావు చేతులు కుర్చీ కోళ్ల మీద బిగుసుకున్నాయి. గుమ్మం లోపల కన్యాకుమారి ఒక అడుగు వేసింది. తవిటమ్మ ఆమె రెక్క పట్టుకుంది.

ఎర్రన్న గొంతు మెత్తబడింది. “ఒక్క పని సెయ్యి. నా మొకం కేసి సూసి అడుగు. ‘ఒరే ఎర్రన్నా, నువ్వు గీకినావేటి’ అని ఒక్క పాలి నోరారా అడుగు. నాను లేదంతాను. నమ్ము, నమ్మకపో. కర్పూరం అక్కర్నేదు, పొట్లం ఇక్కడే పారీసి ఎల్లిపోతాను.”

చిన్నప్పుడు ఒకే పలక మీద అక్షరాలు దిద్దినవాళ్లు ఆ ఇద్దరూ. ధర్మారావు ముఖం తిప్పలేదు. దూలం మీంచి చూపు దించి తన మోకాళ్ల వైపు చూసుకున్నాడు.

“ఎలిగించు,” అన్నాడు.

ఎర్రన్న చొక్కా చేతులు పైకి మడిచాడు. తరవాత గొంతుక్కూర్చుని పొట్లం విప్పాడు. అగ్గిపుల్ల గీశాడు. ఆరిపోయింది. ఇంకొకటి గీశాడు. అదీ ఆరింది. గాలి లేదు. గ్యాసు మంటతో ఇనుము కోసే చెయ్యి, అగ్గిపుల్ల పట్టుకోలేకపోతోంది. మూడోది అంటుకుంది.

“అక్కా, వదులు.”

“నా మాటినవే...”

కన్యాకుమారి విదిలించుకుంది. గుమ్మం దాటింది. అరుగు మెట్లు దిగి వాకిట్లోకి వచ్చింది. పైట తల మీదికి లాక్కోవడం కూడా మరిచిపోయింది.

“ఎర్రన్నా, ఆగు. నీ సెయ్యి ఎట్టకు.”

తరవాత ఇటు తిరిగింది. బావగారి ముఖం ఇంత దగ్గర నుంచి ఆవిడ ఎప్పుడూ చూడలేదు. అచ్చం జయకృష్ణ ముఖమే, ఇంకో పదేళ్లు బతికుంటే అలాగే ఉండేవాడు.

“బావగారూ.”

గోడవతల ఎవరో “అమ్మో” అన్నారు.

“నంబరు గీకీసింది నాను. తుప్పనుకున్నాను. గ్రైండరుతో గీకీసి పైన పుట్టీ నానే ఎట్టినాను. ఎర్రన్నకి ఏటీ తెలీదు. ఆయన ఆ రోజు ఇక్కడ లేడు. మీ తమ్ముడి బండిని నా సేతులార నానే పాడు సేసుకున్నాను. నన్ను ఏటైనా అనండి. కొట్టండి. ఆయన్ని మాత్రం వదిలీండి.”

పళ్లెంలో కర్పూరం మండుతోంది. శాలలో కోడి ఒకటి అరిచి ఊరుకుంది.

ఇప్పుడు లేస్తాడు, అరుస్తాడు, బండిని తూకానికి అమ్మీమంటాడు. కన్యాకుమారి ఒళ్లంతా బిగబట్టుకుని నిలబడింది. ధర్మారావు లేవలేదు. అరవలేదు. రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు.

“నాకు తెలుసమ్మా,” అన్నాడు.

తవిటమ్మ గుమ్మంలోనే చతికిలబడింది.

“ఏటి తెలుసు?” అన్నాడు ఎర్రన్న, గొంతుక్కూర్చున్నవాడు కూర్చున్నట్టే.

“సూసినాను.” ధర్మారావు ఎవరితో చెబుతున్నాడో తెలియడం లేదు. కళ్లు నేలమీద ఉన్నాయి. “ఆ మంగళారం నాను ఎనక సెక్రం కాడే ఉన్నాను. ఆయమ్మ సెయ్యి నంబరు మీదకెల్లడం సూసినాను. వద్దు, ఆగు... ఆ ఒక్క మాట నాలిక సివర దాకా వచ్చింది. ఎప్పుడూ మాటాడ్నేదు కదా. రానేదు. ‘తవిటీ, తవిటీ’ అని కేకేసినాను. రెండుసార్లు కేకేసినాను.”

కన్యాకుమారికి గుర్తొచ్చింది. ఆ కేకలు గ్రైండరు చప్పుడు మీంచి లీలగా విన్నది. దాహమేసిందేమో, అక్క ఇంట్లో లేదు కదా, బేగి ఇది ముగించి మంచినీళ్లు తేవాలి అనుకుంది. అందుకే ఇంకా గట్టిగా నొక్కి గీకింది. తరవాత చెంబుతో నీళ్లు తెచ్చి అరుగు చివర పెట్టి తప్పుకుంది కూడా. ఆయన ఆ నీళ్లు తాగాడు.

“గ్రైండరు ప్లగ్గు నా కాళ్ల కాడే ఉన్నాది,” అన్నాడు ధర్మారావు. “పీకీసుంటే సరిపోను. పీకీస్తే నువ్వు తలెత్తి నా కేసి సూస్తావు. అప్పుడు ఏటి సెప్పాల, ఎలగ సెప్పాల? ఆలోసించేసరికి అయిపోనాది.” వేళ్లు విరుచుకున్నాడు. “తరవాతైనా తవిటితో సెప్పాల్సింది. నువ్వు మురిసిపోతన్నావు, పుట్టీ రాసుకుని. ఏడాదికి ఆ రోజే కాసింత నవ్వు మొకం సూసినాను. ఎలగ సెప్పమంతావు? ఆపీసరు సూడకపోతాడా అనుకున్నాను. ఎర్రి ఆశ.”

“మరి నా పేరెందుకు సెప్పినావు?” అన్నాడు ఎర్రన్న.

“ఆపీసరు ఎవులు సేసినారని అడిగినాడు. ఆయమ్మ పక్కనే ఉన్నాది. ఇంటి ఆడమనిషి పేరు అందరి ముందూ ఎలగ సెప్తాను?”

“నానే సేసినానని అనలేకపోనావా?”

ధర్మారావు తల అడ్డంగా ఊపాడు. “తమ్ముడి బండిని నానే పాడుసేసినానని నా నోట రానేదురా. నీ పేరొచ్చీసింది. నీదైతే... నువ్వు మనోడివి కదా అనిపించింది.”

కర్పూరం మండి మండి పళ్లెంలో నల్లటి మరకైంది. ఎర్రన్న దానివైపు చూసి, పళ్లెం అక్కడే వదిలేసి, మోకాళ్లు పట్టుకుని లేచాడు. ఆ లేవడంలోనే పదేళ్లు పైబడినట్టు కనిపించాడు.

“తెలిసి అన్నావు,” అన్నాడు.

“ఎర్రన్నా...”

“ఒట్టేసి ఎల్లిపోదునురా. పోన్లే, ఎర్రోడు, తమ్ముడు పోయిన బాధలో పొరబడ్డాడు, ఆడి బుద్ధి ఆడి సేతుల్లో లేదు అనుకుని ఎల్లిపోదును. గుమ్మం తొక్కకపోయినా మనసులో నీ మీద ఏటీ ఉండకపోను. ఇప్పుడేటనుకుని ఎల్లమంతావు?”

కేక వెయ్యలేదు, తిట్టలేదు. అదే భరించరానిది. కన్యాకుమారి చీరకొంగు నోట్లో కుక్కుకుంది. ఎర్రన్నని నిలబెట్టడానికని నోరు విప్పింది తను. విప్పి ఏం చేసింది? పొరపాటు పడ్డ స్నేహితుణ్ణి తెలిసి నింద వేసినవాడిగా మార్చి ఎర్రన్న ముందు నిలబెట్టింది. మూసుకున్నా ముప్పే, తెరిచినా ముప్పే, ఇదేం నోరమ్మా అనుకుంది.

ఎర్రన్న గేటు వైపు నడిచాడు.

“తవిటీ,” అన్నాడు ధర్మారావు కంగారుగా లేస్తూ. “తవిటీ, ఆయమ్మతో సెప్పు, ఆణ్ణి ఆపమని...”

“నాను సెప్పను!”

తవిటమ్మ అంత గొంతు ఎత్తడం ఆ వీధి ఎప్పుడూ వినలేదు. గుమ్మం పట్టుకుని లేచింది. జుట్టు ఊడిపోయింది, కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి.

“ఇరవై రెండేళ్లు మోసినాను మీ మాటలు. ఉప్పు సాలదని ఒకరికి, పానా ఇమ్మని ఒకరికి. ఒక్క పూట సంతకెల్తే కారు పోనాది. ఇప్పుడు మనిషి పోతన్నాడు. ఆ పాపం కూడా నా నెత్తినే ఎడతావేటి? నీకు నోరు నేదా? ఆయమ్మ నీ ఎదట్నే ఉన్నాది. నువ్వే సెప్పు!”

ధర్మారావు పెదాలు కదిలాయి. అరుగు అంచు పట్టుకుని ఒక మెట్టు దిగాడు.

“అమ్మా, కన్యాకుమారీ.” పేరు పలకడం చేతకాక మధ్యలో తడబడ్డాడు. “నాను పిలిస్తే ఆడు ఆగడు. ఆ మొకం నాకు నేదు. నువ్వు పిలమ్మా. నీ మాట కాదనడు.”

కన్యాకుమారి గేటు దగ్గరికి పరిగెత్తింది. ఎర్రన్న అప్పటికే సైకిలెక్కాడు. గోడవతలి జనం తప్పుకుని దారి ఇచ్చారు. ఇంటి కోడలు వీధిలో నిలబడి గొంతెత్తి ఎవరినీ పిలవడం ఆ వీధికి తెలియదు. ఆవిడకి అసలే తెలియదు.

“ఎర్రన్నా! ఒక్క పాలి ఆగు!”

సైకిలు ఆగింది. ఎర్రన్న ఒక కాలు నేలకి ఆనించాడు. వెనక్కి తిరిగాడు. ముఖమంతా తడిసిపోయి ఉంది.

“ఎవుల మాట ఇది, సెల్లీ?” అన్నాడు. “నీదా? ఆడిదా?”

కన్యాకుమారి వెనక్కి చూసింది. బావగారు అదే మెట్టు మీద, రెండు చేతులూ వేలాడేసి నిలబడి ఉన్నారు. ఇంకో మెట్టు దిగలేదు.